కేసు పెట్టింది కోడలు కాదు, టెక్సాస్ రాష్ట్రం

ఎడిటర్ గారికి నమస్కారం.

అమెరికాలో భార్యపై దాడి కేసులో తెలుగు యువకుడి అరెస్టు అంటూ పేపర్లో అప్పుడప్పుడు చిన్న వార్త వస్తుంటుంది. ఊరి పేరు, కాలేజీ పేరు, ఉద్యోగం వేసి వదిలేస్తారు. ఆ తర్వాత ఏమవుతుందో ఎవరూ రాయరు. మా అబ్బాయి పేరు పేపర్లోకి ఎక్కలేదు గానీ, టెక్సాస్‌లో అలాంటి కేసులోనే విచారణ ఎదుర్కొంటున్నాడు. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను కాబట్టి కాగితాలు చదివే ఓపిక ఇంకా ఉంది.

వాడు కొట్టాడా లేదా అన్నది నాకు తెలియదు. కేసు సంగతి ఫోన్లో ఎవరితోనూ, కన్నతల్లితో కూడా మాట్లాడొద్దని లాయరు గట్టిగా చెప్పాడట. మనకు ఉదయం తొమ్మిదైతే వేసవిలో అక్కడ ముందురోజు రాత్రి పదిన్నర. ఆ వేళకి చేస్తాడు. అన్నం తిన్నావా అంటాను, తిన్నానంటాడు, అక్కడితో సరి. కొట్టి ఉంటే శిక్ష పడాల్సిందేనని మాత్రం ఒకసారి చెప్పాను. విన్నాడు.

నేను రాయాలనుకున్నది మా ఇంటికొచ్చిన పెద్దమనుషుల గురించి. కబురు తెలిసిన వారంలోనే మా బావగారు మరో ముగ్గుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చాం. తాగుతూనే ఉపాయం చెప్పేశారు: చించినాడ వంతెన దాటి ఆచంట వెళ్లి వియ్యంకుడి దగ్గర కూర్చుందాం, ఏం కావాలో అడుగుదాం, పిల్ల చేత కేసు వాపసు తీయిద్దాం. ఒకాయన అప్పటికే ఫోను తీసి మా వియ్యంకుడి నంబరు నొక్కుతున్నాడు. చేతిలోంచి ఫోను లాక్కున్నాను. ఆడది ఇలా చేస్తుందా అన్నట్టు చూశారు, చూడనీ.

వాళ్లది పాత అలవాటు. భార్యను వేధించే భర్త, అత్తింటివాళ్ల మీద పెట్టే 498ఎ సెక్షన్ 1983లో వచ్చింది. ఆ కేసుల్లో కోర్టు అనుమతితో రాజీ పడొచ్చని 2003లో మన రాష్ట్రంలో చట్టం సవరించారు. 2024 జులై నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ వచ్చింది. సెక్షన్ మారినా మన అరుగుల మీద పద్ధతి మారలేదు. పిల్ల తండ్రిని నాలుగు మాటలని, నాలుగు డబ్బులిచ్చి సంతకం పెట్టిస్తే అయిపోయిందనుకుంటారు.

అక్కడ అలా కుదరదు. మా అబ్బాయి పంపిన కోర్టు కాగితం మీద ఒకవైపు టెక్సాస్ రాష్ట్రం, ఇంకోవైపు వాడి పేరు ఉన్నాయి. కేసు పెట్టింది కోడలు కాదు, రాష్ట్రం. ఆ అమ్మాయి సాక్షి మాత్రమే. కేసు వద్దని ఆమె రాసిచ్చినా, నడపాలా వద్దా అన్నది ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ఇష్టం. వాడి బెయిలు షరతుల్లో భార్యతో నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ మాట్లాడకూడదని ఉంది. సొంత ఇంటికే వెళ్లకూడదు, స్నేహితుడి గదిలో ఉంటున్నాడు. వాడి తరఫున ఇక్కడి నుంచి ఆచంటకు ఒక్క ఫోను వెళ్లినా షరతు తప్పినట్టు లెక్కేసి బెయిలు రద్దు చేయొచ్చు. సాక్షిని బెదిరించినా, డబ్బు ఆశ చూపి నోరు మూయించినా అక్కడ అది ఇంకో నేరం. సాయం చేద్దామని వచ్చిన మా బావగారు వాడి మీద రెండో కేసు పెట్టించేవారే.

శిక్ష సంగతీ రాస్తాను. ఇంట్లో మనిషి మీద దాడి చేసి గాయపరిస్తే, మొదటిసారైతే టెక్సాస్‌లో మామూలుగా ఏడాది వరకూ జైలు, 4,000 డాలర్ల వరకూ జరిమానా. గొంతు నొక్కాడని రుజువైతే రెండు నుంచి పదేళ్లు. జైలు తప్పించుకోవడానికి నేరం ఒప్పుకుని కొన్నాళ్లు ప్రొబేషన్లో, అంటే కోర్టు షరతులకు లోబడి బయటే ఉండే దారి చూపిస్తారు. రికార్డులో శిక్ష పడలేదన్నట్టే ఉంటుంది గానీ, ఇమ్మిగ్రేషన్ వాళ్లు దాన్నీ శిక్ష కిందే లెక్కేసి దేశం నుంచి పంపించేయొచ్చు. ఈ సంగతి లాయరు ముందే చెప్పి తీరాలని 2010లో అమెరికా సుప్రీంకోర్టు పడిల్లా కేసులో తీర్పిచ్చింది. పిల్లలు టెన్షన్‌లో సంతకం పెట్టేస్తారు, అందుకని రాస్తున్నాను.

ఇక కోడలు. మొగుడి మీదకి పోలీసుల్ని పిలిచిందని ఊళ్లో చెవులు కొరుక్కుంటున్నారు. పిలవక ఏం చేస్తుంది? అక్కడ పక్కింటి పిన్ని ఉందా, గోడ దూకి వచ్చి అడ్డం పడడానికి? పోలీసుల్ని పిలిచే 911 నంబరు తప్ప ఆ పిల్లకి ఇంకెవరున్నారు? వాడి ఉద్యోగం పోతే ఆమె డిపెండెంట్ వీసా కూడా పోతుంది, అందుకైనా నోరు మూసుకోవాలి అన్నవాళ్లూ ఉన్నారు. హెచ్1బి మీద ఉన్న భర్త చేతిలో దెబ్బలు తిన్న భార్యలు విడిగా వర్క్ పర్మిట్ అడిగే వీలు ఆ దేశ చట్టంలోనే ఉంది. అక్కడి గృహహింస హెల్ప్‌లైన్ 1-800-799-7233కి రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, భాష రాకపోతే అనువాదకుల సాయం ఉంటుంది. పెళ్లి చేసి పంపేటప్పుడు ఆవకాయ జాడీ సర్దుతాం, ఈ నంబరు రాసిచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

మీకు నా మనవి ఒకటే. ఇలాంటి వార్త వేసినప్పుడు కుర్రాడి కాలేజీ పేరు బదులు ఈ సంగతులు నాలుగు ముక్కలు వేయండి. రాజీ కోసం బయల్దేరే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్లూ మీ పేపరే చదువుతారు.

నా పేరు వేయొద్దు, కోడలి పేరు బయటికి రావడం నాకిష్టం లేదు. మండలం పేరు వేసుకోండి, ఇక్కడ ఎలాగూ అందరికీ తెలిసిన సంగతే.

– ఒక రిటైర్డ్ టీచరు, రాజోలు మండలం