మేడమీద గది, మారిన ధరలు, పెళ్ళి కచేరీలు: మా ఖాతాదారులకు కొన్ని సంగతులు

ఒంగోలు లాయర్‌పేటలోని మా వాద్యాల దుకాణానికి వచ్చిపోయే తల్లిదండ్రులకు, సంగీతం గురువులకు, విద్యార్థులకు నమస్కారం. దీపావళి తరువాత మరమ్మతు ధరలు ఎందుకు మారాయని, మేడమీద గదిలో తెల్లవారకముందే లైట్లు ఎందుకు వెలుగుతున్నాయని చాలామంది అడుగుతున్నారు. విడివిడిగా చెప్పేకన్నా అందరికీ ఒకేసారి, దాపరికం లేకుండా చెప్పడం మేలనిపించి ఇది రాస్తున్నాను.

దుకాణం అద్దె, పనివాళ్ళ జీతాలు ఎక్కువగా గిటార్లు, కీబోర్డుల అమ్మకం మీదే గడుస్తున్నాయి. ఒకసారి వీణ కొన్న ఇంటివారు మళ్ళీ వీణ కొనేది మనవరాలి కాలానికే. వీణలాంటి వాద్యాల వ్యాపారం పెరగాలంటే నేర్చుకునేవారు పెరగాలి, అందుకు నేర్పేవారు ఈ ఊళ్ళోనే నిలవాలి, వారు నిలవాలంటే నెల తిరిగేసరికి ఇంటద్దెకు, బియ్యానికి సరిపడా డబ్బు చేతికి రావాలి. నాలుగేళ్ళు సర్టిఫికెట్, ఆపై రెండేళ్ళు డిప్లొమా చదివిన పిల్లలు వాద్యం మూలన పెట్టి బ్యాంకు పరీక్షల కోచింగులో చేరుతుంటే నష్టపోయేది వారొక్కరే కాదు, నేను కూడా. అందువల్ల అలాంటివారికి మేడమీద గది ఇచ్చి నేను చేస్తున్నది కళాపోషణ అని ఎవరూ పొగడనక్కరలేదు.

కళాకారులు ఊరు విడవడం మన ప్రాంతానికి కొత్త కాదు. మన పక్కనున్న కరవదిలో పుట్టిన నాదస్వర విద్వాంసులు షేక్ చిన మౌలానా గారు శ్రీరంగం వెళ్ళి స్థిరపడ్డారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి ఆయనకు అక్కడ ఉండగానే వచ్చాయి. అంతటివారికే తప్పనిది ఈ పిల్లలకు తప్పుతుందా అని నేనూ అనుకునేవాణ్ణి. మేడమీద గదిని వాడుకుంటున్నవారిని చూశాక, కొందరికైనా తప్పవచ్చని నమ్మకం కుదిరింది.

ఆ గదికి ప్రధాన ఆదాయం వీరు అమెరికాలోని శిష్యులకు ఆన్‌లైన్‌లో చెప్పే సంగీత పాఠాలు. న్యూజెర్సీలో రాత్రి ఎనిమిదింటికి పాఠమంటే మనకు తెల్లవారి ఐదున్నర. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారాలు వెనక్కి తిప్పుతారు కనుక ఇప్పుడు అదే పాఠం ఆరున్నరకు జరుగుతోంది. ఇంట్లో అందరూ నిద్రలో ఉండగా గొంతెత్తి పాడలేని పిల్లలకు తలుపులు మూసుకునే గది కావాలి, గంటకు 100 రూపాయలకు అది మేము ఇస్తున్నాము. పాఠాలకు వాడే జూమ్ యాప్ శ్రుతిపెట్టె నాదాన్ని యంత్రం చప్పుడనుకుని అణచివేస్తుంది, గమకం (స్వరాన్ని ఊపుతూ పలకడం) సగంలో తెగిపోతుంది. సెట్టింగుల్లో ‘ఒరిజినల్ సౌండ్’ పెట్టుకుంటే ఆ బాధ చాలావరకు తగ్గుతుంది. ధ్వని చేరడంలో జరిగే ఆలస్యానికి మాత్రం మందు లేదు. గురువు, శిష్యురాలు కలిసి పాడితే తాళం కుదరదు కాబట్టి, గురువు ఒక ఆవర్తం, అంటే తాళం ఒక చుట్టు, పాడి ఆపడం, శిష్యురాలు దాన్ని తిరిగి పాడడం అనే పద్ధతికి వీరు పాఠాలను మార్చుకున్నారు.

యూట్యూబు సంగతి ఇంత ఆశాజనకంగా లేదు. షార్ట్స్ కాని మామూలు వీడియోలతో ప్రకటనల ఆదాయం రావాలంటే 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలి. శుద్ధ కర్ణాటక సంగీతంతో అక్కడికి చేరడం తేలిక కాదు. పైగా ఒక అబ్బాయి వేణువుపై వాయించిన త్యాగరాజ కృతి తమదంటూ ఒక రికార్డింగు కంపెనీ పేరిట హక్కుల నోటీసు వచ్చింది. త్యాగరాజ స్వామి 1847లో పరమపదించారు. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ళకే రచన అందరిదీ అవుతుంది. ఇలాంటి నోటీసులు పంపేది మనుషులు కాదు, పోల్చి చూసే యంత్రం. అభ్యంతరం తెలిపాక నోటీసు తీసేశారు. అప్పటినుంచి ప్రతి రికార్డింగుకు తేదీ, వాయించినవారి పేర్లు, వారి సంతకాలతో ఒక కాగితం దాచి ఉంచుతున్నాము.

వీణ మరమ్మతు ధర పెరగడానికి కారణం వేరు. మన ఎండలకు వీణ మీది మెట్ల కింది మైనం మెత్తబడి స్వరస్థానాలు జరిగిపోతాయి; మళ్ళీ మేళం కట్టించాలంటే, అంటే మెట్లను సరైన చోట తిరిగి అమర్చాలంటే, ఇన్నాళ్ళూ వీణను చెన్నై పంపేవాళ్ళం, దారిలో ఏమవుతుందోనని గుండె చేతబట్టుకుని కూర్చునేవాళ్ళం. వీణలో డిప్లొమా పూర్తి చేసిన ఒక అమ్మాయి ఆ పని నేర్చుకుని వచ్చింది. తేనెమైనంలో నల్లపొడి కలిపి, దండి (వీణ మెడ) మీద పోసి, 24 మెట్లనూ ఒక్కొక్కటిగా అదిమి, తీగ మీటి చెవితో సరిచూసి, వెంట్రుకవాసి జరిపి మళ్ళీ మీటుతూ రెండు రోజులు కూర్చుంటుంది. తీసుకునే కూలిలో ముప్పాతిక వంతు ఆమెదే. బేరమాడదలచినవారు ఆమె పని చేస్తుండగా వచ్చి ఒక గంట చూసి, ఆ తరువాత మాట్లాడవలసిందిగా మనవి.

ఇక కాస్త కటువుగా చెప్పవలసినది పెళ్ళిళ్ళ గురించి. “భోజనం పెడతాం అన్నా, పిల్లలకు స్టేజీ అలవాటవుతుంది కదా” అని అడిగేవారికి ఇకపై మేము కళాకారుల పేర్లు చెప్పము. చీమకుర్తి గ్రానైటు వ్యాపారుల ఇళ్ళలో పూల అలంకరణకు లక్షలు పోస్తున్న రోజుల్లో వయొలిన్, వేణువు, మృదంగం కలిసిన బృందానికి రెండున్నర గంటలకు 15,000 రూపాయలు ఎక్కువేమీ కాదు. సగం ముందుగా ఇవ్వాలి. అందులో మేము రూపాయి తీసుకోము, మైకుల అద్దె మాత్రమే మాది. శ్రీరామనవమి పందిళ్ళలో, ఆరాధనోత్సవాల్లో ఊరికే వాయించాలా వద్దా అన్నది వారి ఇష్టం, అందులో నేను తలదూర్చను. ఇంటివారిలో ఎవరైనా పాడతామంటే శ్రుతి, అంటే ఎంత స్థాయిలో పాడతారో, ముందే చెప్పాలి. తక్కువ స్థాయి అయిన ఒకటి శ్రుతి మృదంగాన్ని హెచ్చు స్థాయి అయిన ఐదుకు ఎక్కించలేము, దానికి చిన్న కొలత మృదంగం వేరుగా తేవాలి.

మేడమీద గదికి పెట్టిన డబ్బు ఇంకా తిరిగి రాలేదు. నెలకొకసారి 100 రూపాయల టికెట్టుతో పెట్టిన చిన్న కచేరీలకు వాయించేవారి బంధువులే ఎక్కువగా వస్తున్నారు; సంక్రాంతి దాకా చూసి, కొనసాగించాలా లేదా అన్నది తేల్చుకుంటాను. కొత్తగా నేర్చుకునే పిల్లలకు వీణ, వయొలిన్ అద్దెకు ఇచ్చే పద్ధతి మాత్రం బాగానే నడుస్తోంది, ఏడాది లోపు కొంటే కట్టిన అద్దెలో సగం ధరలో తగ్గిస్తున్నాము. మాఘమాసంలో పెళ్ళిళ్ళు ఉన్నవారు ఈ నెలాఖరులోగా తేదీ చెబితే బృందం దొరుకుతుంది. ఆ తరువాత వచ్చేవారికి మాట ఇవ్వలేను.