ఉప్పుడు బియ్యం వాసన సంగతి: మిల్లు నుంచి

పర్లాకిమిడి, కాశీనగర్, పాతపట్నం వైపు నుంచి మా మిల్లుకి వచ్చే వాళ్లందరికీ,

పోయిన నెల పట్టుకెళ్లిన ఉప్పుడు బియ్యం కంపు కొట్టిందన్నారు. కొట్టింది. అందులో మీ ధాన్యం తప్పేమీ లేదు. 70 డిగ్రీల నీళ్లలో మూడు నాలుగు గంటలు నానాల్సింది రాత్రంతా తొట్టిలోనే ఉండి పులిసిపోయింది. నీళ్లు వదిలించాల్సిన కంట్రోల్ ప్యానెల్ (వాల్వుల్ని తనంతట తానే తిప్పే పెట్టె) ఆగిపోయింది. చేత్తో తిప్పే వాల్వు తుప్పు పట్టి కదల్లేదు. ఆ తుప్పు మాత్రం నా తప్పే.

మా నాన్న కొన్న ఆ పాత ప్యానెల్లో మూడు ప్రాసెసర్లు. నానబెట్టి ఆవిరి పట్టడానికి ఒకటి, డ్రయ్యరుకి ఒకటి, మరకి ఒకటి. ముగ్గురూ ఒకేసారి నోరెత్తకుండా వంతులు పెట్టే కార్డు వేరే. చచ్చింది ఆ పెద్దమనిషే. అలాంటి కార్డుల తయారీ ఎప్పుడో మానేశారు. విశాఖలో ఒక డీలరు 'సీలు తీయనిది' అని డబ్బు ముందే పుచ్చుకుని పంపాడు. విప్పితే కొత్త స్టిక్కరు కింద పాత టంకం! తొమ్మిది రోజులు నడిచింది. ఫోన్ చేస్తే 'మీ ఒడిశా కరెంటు బాగోదండీ' అన్నాడు. అదే లైను మీద మా పక్క ఐసు ఫ్యాక్టరీ నిక్షేపంగా నడుస్తోంది. ఇక ఊరికే ఇచ్చినా ఆ గుమ్మం తొక్కను.

మూడింటి పనీ ఒక్క పీఎల్‌సీకి (యంత్రాల్ని నడిపే చిన్న కంప్యూటరు) అప్పజెప్పడమా, మానడమా? రెండు వారాలు నిద్ర లేదు. 'ఒంటెద్దుతో అరక కట్టినట్టే బాబూ' అన్నాడు మేస్త్రి. కానీ కాడి విరిగాక మూడెద్దులుండి ఏం చేశాయి? పాత ప్రోగ్రాం బ్యాటరీ మీద బతికేది, కాగితం మీద ఒక్క ముక్క లేదు. కార్డు నడిచిన ఆ తొమ్మిది రోజులూ ఏ వాల్వు ఎప్పుడు తెరుచుకుంటోందో ఇద్దరం కూర్చుని నోటుబుక్కులో రాసుకున్నాం. డీలరు వల్ల జరిగిన మేలు అదొక్కటే.

కొత్తది బిగించాం. ప్రోగ్రాం మెమరీ కార్డులో ఉంది. అలాంటిదే ఇంకో పీఎల్‌సీ కొని బీరువాలో దాచాను, మా ఆవిడ పట్టుచీరలు పక్కకి జరిపి మరీ. బాయిలరు సేఫ్టీ వాల్వుకి దీంతో సంబంధం లేదు, అది ఎప్పటిలా తన పని తను చేస్తుంది. చేతి వాల్వులన్నీ మార్చాం. ఆడించే కూలి పెంచలేదు.

వాసనొచ్చిన బస్తాలు తెచ్చేయండి. సగం వండుకున్నా సరే, బస్తాకి బస్తా ఇస్తాను.