సామాన్ల విషయంలో మేము తప్పిన మాట

ఏడేళ్ళుగా నెల్లూరులోనూ, అటు గూడూరు, ఇటు కావలి, ఒంగోలు వరకూ పెద్దవారిని పాత ఇళ్ళ నుంచి చిన్న ఇళ్ళకు మార్చే పనిని మాకు అప్పగిస్తున్న కుటుంబాలన్నిటికీ ఈ విషయం మా నోటి నుంచే తెలియాలని ఇది రాస్తున్నాను. గత నెలలో మేము ఒక ఇంటివారికి ఇచ్చిన మాట తప్పాము. ఊళ్ళో దీని గురించి ఇప్పటికే రెండు మూడు రకాలుగా చెప్పుకుంటున్నారు కనుక జరిగింది జరిగినట్టుగా చెబుతాను.

మూలాపేటలో ఐదు గదుల మిద్దె ఇంట్లో యాభై ఏళ్ళకు పైగా కాపురం చేసిన ఒక పెద్దావిడ, భర్త పోయిన తరువాత, మాగుంట లేఅవుట్‌లో రెండు పడకగదుల అపార్టుమెంటుకు మారారు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు కట్ట దెబ్బతిని, కోవూరు వైపు జాతీయ రహదారి తెగినప్పుడు హైదరాబాదులో ఉన్న ఆవిడ కుమారుడు సమయానికి తల్లి దగ్గరకు చేరలేకపోయారు. ఆనాటి నుంచే ఆయనకు ఈ ఆలోచన ఉంది. ప్యాకింగు, లారీ, గ్యాసు కనెక్షను మార్పిడి, కొత్త ఇంట్లో పాలు పొంగించే ఏర్పాటు అన్నీ సక్రమంగానే జరిగాయి. తప్పు జరిగింది వదిలేసిన సామాన్ల దగ్గర.

మాతో పని చేయించుకున్నవారికి తెలిసిన సంగతే, మేము సామాన్లను మూడు భాగాలు చేస్తాము: వెంట తీసుకువెళ్ళేవి, పిల్లలకూ బంధువులకూ ఇచ్చేవి, అమ్మివేసేవి. పిల్లలు పక్కన నిలబడి తొందరపెడుతుంటే పెద్దవారు అన్నిటికీ సరే అంటారని, కొత్త ఇంట్లో నాలుగు రోజులు గడిచి మనసు కుదుటపడ్డాక ఏదో ఒక వస్తువు గుర్తుకు వచ్చి నిద్ర పట్టకుండా చేస్తుందని మాకు మొదటి ఏడాదిలోనే అర్థమయింది. అందుకే అమ్మివేసే వస్తువులను పదిహేను రోజుల పాటు కదిలించకుండా ఉంచాలని నియమం పెట్టుకున్నాము. ఆ సామాను కొనే పాత సామాన్ల వ్యాపారి తన గోదాములోనే వేరుగా ఉంచుతానని మాట ఇచ్చాడు, ఆరేళ్ళు ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా.

ఈ ఇంట్లో అమ్మివేసే వరుసలో ఒక ఇత్తడి గంగాళం ఉంది. కనిగిరి దగ్గర పుట్టింటి నుంచి సారెగా వచ్చినది. అంచు కింద ఆవిడ పేరు, తండ్రి పేరు, ఊరి పేరు చుక్కల అక్షరాలతో కొట్టించి ఉన్నాయి. అపార్టుమెంటు వంటింట్లో చోటు లేదని, దాన్ని ఎత్తేవారు కూడా లేరని కుమారుడు అంటే ఆవిడ తల ఊపారు. తొమ్మిదవ రోజున మాకు ఫోను చేసి, తన తొలి కాన్పుకు పురిటి స్నానం నీళ్ళు కాచింది అందులోనేనని, పడకగదిలో మంచం పక్కన పెట్టుకుంటానని, తెచ్చి ఇమ్మని అడిగారు. మా కుర్రవాడు గోదాముకు వెళితే గంగాళం లేదు. ఆరవ రోజునే మిగతా ఇత్తడితో కలిపి కరిగించడానికి పంపేశారు. ఆ వారం ధర బాగుందని, తగ్గిపోతుందేమోనని ముందే వేసేశానని వ్యాపారి నాతో చెప్పాడు. కావాలంటే ఇంకో రెండు వేలు ఇస్తానన్నాడు. ఆరేళ్ళలో నేను ఆయనను అడిగింది పదిహేను రోజుల ఓపిక ఒక్కటే. ఆ మనిషి ఎదుట నాకు మాట రాలేదు, ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే కోపం ఆగదు.

ఆ తరువాత మూడు రాత్రులు నేను పడిన మథన గురించి కూడా చెప్పాలి. ప్రతి వస్తువునూ మేము ఫొటో తీసి ఉంచుతాము కనుక అక్షరాలు ఎలా ఉన్నాయో మా దగ్గర ఉంది. చిన్నబజారులో వెతికితే దాదాపు అంతే గంగాళం దొరుకుతుందని, అదే పేరు కొట్టిస్తే సరిపోతుందని మా కుర్రవాళ్ళు అన్నారు. కుమారుడు కూడా అదే కోరారు. అమ్మకు 78 ఏళ్ళని, తట్టుకోలేరని, ఎంత ఖర్చయినా తానే భరిస్తానని, ఆవిడకు మాత్రం చెప్పవద్దని ఫోనులో బతిమాలారు. ఆయన తల్లి మీద ప్రేమతోనే అడిగారు. నా భార్య ఒక్కతే, చెప్పకుండా ఆ ఇంటి గడప ఎలా తొక్కుతావని అడిగింది. ఇల్లు మారే సమయంలో పెద్దవారికి ఎవరూ ఏదీ పూర్తిగా చెప్పరు. ఇంటి ధర ఎంతో చెప్పరు, వైద్యుడు ఏమన్నాడో చెప్పరు, మళ్ళీ పాత ఇంటికి వెళ్ళడం ఉండదని కూడా చెప్పరు. వారికి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనుషులుగా ఉంటామనే ఈ పనిలోకి వచ్చాము. అదీ కాక, బావి గట్టు మీద పడి గంగాళం అంచు ఒకచోట లోపలికి వంగి ఉండేది. ఆవిడ చేత్తో తడిమిన క్షణంలో అది తనది కాదని తెలిసిపోయేది.

నాలుగవ రోజు ఉదయం వెళ్ళి చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఎంత తూగింది నాయనా?" అని అడిగారు. తూకం చీటీలో పన్నెండు కిలోలని ఉందన్నాను. "మా నాయన పద్నాలుగని చెప్పేవాడే," అన్నారు. ఆ రెండు కిలోల తేడాకు నా దగ్గర సమాధానం లేదు. తూకం వేసేటప్పుడు మా వాళ్ళెవరూ దగ్గర లేరు. అది పూర్తిగా నా తప్పు. మేము తీసుకున్న డబ్బంతా తిరిగి ఇచ్చాను. కుమారుడు ఇప్పటికీ నాతో మాట్లాడడం లేదు, అందుకు ఆయనను తప్పుపట్టను.

పాత్రల వ్యాపారుల దగ్గర మేము కమీషను తీసుకుంటామని అంటున్నవారికి మాత్రం ఒక్క మాట. ఏడేళ్ళ తూకం చీటీల నకళ్ళు మా దగ్గర ఉన్నాయి. ఎవరైనా వచ్చి చూడవచ్చు. అమ్మకపు సొమ్ము ప్రతిసారీ నేరుగా కుటుంబం చేతికే వెళ్ళింది.

ఇకపై మీ వస్తువులను మేము అమ్మిపెట్టము. పాత మంచాలు, బీరువాలు, రోళ్ళు అన్నీ ఒక్క ట్రిప్పులో తీసుకువెళ్ళేవాడు వేరొకడు దొరకడని, ఆ వ్యాపారితో రాజీ పడమని చాలామంది సలహా ఇచ్చారు. పని తగ్గినా సరే, ఆయన గోదాముకు మా చేతి మీదుగా ఒక్క గరిటె కూడా వెళ్ళదు. వదిలేయాలనుకున్న వస్తువులను వేదాయపాళెంలో మేము అద్దెకు తీసుకున్న గదిలో అరవై రోజులు మేమే భద్రపరుస్తాము. మన జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది కనుక, అద్దె ఎక్కువైనా మొదటి అంతస్తులోనే గది తీసుకున్నాను. గడువు తీరాక పెద్దవారిని నేరుగా, పిల్లలు లేనప్పుడు, మరొకసారి అడుగుతాము. అప్పటికీ వద్దంటే కుటుంబమే అమ్ముకోవాలి. తూకం దగ్గర మా మనిషి నిలబడతాడు. పేరు కొట్టించిన పాత్రలను మొదటి రోజున ఏ వరుసలోనూ పెట్టము. ఈ మార్పుల వల్ల ఒక్కో ఇంటికి 1,500 రూపాయలు అదనంగా తీసుకోవలసి వస్తోంది. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవారికి పాత ధరే.

గత రెండు నెలల్లో మా ద్వారా ఆ వ్యాపారికి సామాను చేరిన ఇళ్ళు పదకొండు. తొమ్మిది ఇళ్ళకు నేనే వెళ్ళి జాబితా చూపించి, ఏదైనా వెనక్కి కావాలా అని అడిగాను. ఒకరికి రాగి బిందె, మరొకరికి చెక్క పీట తిరిగి దొరికాయి. మిగిలిన రెండు కుటుంబాల వారు చెన్నైకి మారారు. ఈ ఆదివారం వెళ్ళి వారినీ కలుస్తాను.