శవపెట్టె పక్కన ప్రసంగాలా?

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రికలో ‘ప్రభువునందు నిద్రించారు’ అని వచ్చే ప్రతి మరణ ప్రకటన వెనుకా ఒక ఇల్లుంటుంది. ఆ ఇంట్లో ఎవరో ఒకరు, చాలాసార్లు ఇంటరో డిగ్రీయో చదివే పిల్లలు, ‘దేవుడుంటే ఇలా ఎందుకు జరిగింది?’ అని అడిగే ఉంటారు. దానికి మన సంఘాల్లో దొరికే జవాబుల గురించే ఈ ఉత్తరం.

తరచూ వినబడేవి మూడు. ‘దేవుడి తోటకు మంచి పువ్వు కావలసి వచ్చింది.’ ‘ఇంట్లో ఒప్పుకోని పాపం ఏదో ఉంది.’ ‘విశ్వాసం చాలలేదు.’ మొదటిది బైబిల్లో ఎక్కడా లేదు. రెండోదాన్ని యేసుప్రభువే కొట్టేశారు: సిలోయము గోపురం కూలి చనిపోయిన పద్దెనిమిది మంది తక్కిన యెరూషలేమువాళ్లకంటే అపరాధులు కారని లూకా 13లో ఉంది. పుట్టుగుడ్డివాడి విషయంలోనూ అతని పాపం గానీ తల్లిదండ్రుల పాపం గానీ కారణం కాదన్నారని యోహాను 9లో ఉంది. ఇక మూడోది. ‘శరీరంలోని ముల్లు’ అని తాను పిలిచిన బాధ పోవాలని అపొస్తలుడు పౌలు మూడుసార్లు వేడుకున్నా అది పోలేదు. తన తోటి పనివాడు త్రోఫిమును రోగిగానే మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి 4:20లో ఆయనే రాశాడు. వీళ్లకు విశ్వాసం చాలలేదా? మందులు ఆపేయడానికి దారితీసేదీ ఈ మూడో మాటే కాబట్టి దీన్ని ఊరికే వదలకూడదు.

వాక్యం సరైనదే అయినా చెప్పే నోరు మారితే చెడుతుంది. ‘యెహోవా ఇచ్చెను యెహోవా తీసికొనిపోయెను’ అన్నది పదిమంది పిల్లల్ని పోగొట్టుకున్న యోబు. అది పోగొట్టుకున్నవాడి మాట, పరామర్శకు వచ్చినవాడిది కాదు. 1 థెస్సలొనీకయులు 4:13 కూడా అంతే. ‘నిరీక్షణలేని ఇతరులవలె’ దుఃఖపడవద్దని అక్కడుంది. ముందున్న రెండు మాటలు మింగేస్తే మిగిలేది ‘దుఃఖపడవద్దు’ ఒక్కటే. లాజరు సమాధి దగ్గర కన్నీళ్లు విడిచిన ప్రభువుకు ఆ సగం వాక్యం వర్తించలేదు మరి.

యోబు స్నేహితుల్ని ఎప్పుడూ తిడతాం గానీ, మొదట వాళ్లు చేసింది మంచి పనే. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలమీద అతని పక్కన నోరు మెదపకుండా కూర్చున్నారు. వివరణలు మొదలుపెట్టాకే చెడింది. చివరికి దేవుడి కోపం, ప్రశ్నలతో నిలదీసిన యోబు మీదికి కాదు, తనను సమర్థిస్తూ మాట్లాడిన వాళ్ల మీదికి వచ్చింది (యోబు 42:7). విశ్వాస సమర్థన (నమ్మకాన్ని వాదనతో నిలబెట్టడం) చేసేవాళ్లు ఈ వచనాన్ని ముందు తమకే చదువుకోవాలి.

అలాగని ప్రశ్నను దాటవేయమని కాదు. భూస్థాపన అయ్యాక కొన్ని వారాలకు ఆ కుర్రాడే వచ్చి అడిగితే, అది ఏడుపా ప్రశ్నా అని ముందు తెలుసుకోవాలి. ప్రశ్నే అయితే గట్టిగానే మాట్లాడాలి. దేవుడు మంచివాడూ సర్వశక్తుడూ అయితే కీడు ఎలా ఉంటుందన్నది ప్రాచీన గ్రీకు తత్వవేత్త ఎపిక్యురస్ పేరుతో చెలామణీ అయ్యే పాత వాదన. 1955లో తత్వవేత్త జె.ఎల్. మాకీ దాన్ని తర్కపరమైన వైరుధ్యంగా బిగించాడు. మనిషికి నిజమైన స్వేచ్ఛ ఇస్తే దాన్ని దుర్వినియోగం చేసే అవకాశమూ ఉంటుందని, కాబట్టి అందులో వైరుధ్యం లేదని 1974లో క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా జవాబిచ్చాడు. ఇది చాలా పనికొచ్చే జవాబు, కానీ దాని హద్దు చెప్పకుండా వాడితే మోసమవుతుంది. వైరుధ్యం లేదని చూపడం వేరు, కారణం చెప్పడం వేరు. తాగి లారీ నడిపినవాడి విషయంలో మనిషి స్వేచ్ఛ అంటే ఒప్పుకుంటారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ఎవరి స్వేచ్ఛ ఉంది? అక్కడ ‘కారణం నాకు తెలియదు’ అని చెప్పగలగాలి. తెలిసిందని మనం చెప్పుకునేది వేరే చోట ఉంది: క్రీస్తు చావునుంచి లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థమని పౌలు 1 కొరింథీయులు 15:14లో పందెం కాసిన చోట. వాదించదలిస్తే అక్కడ వాదించండి.

1 పేతురు 3:15లో ‘హేతువు’ అడిగేవాడికి ‘సమాధానము’ చెప్పమని ఉంది, అదీ సాత్వికముతోను భయముతోను. మన తెలుగు బైబిల్లో జవాబుకూ నెమ్మదికీ ‘సమాధానము’ అన్న ఒకే మాట వాడటం నాకైతే కాకతాళీయంగా అనిపించదు, అనువాదకుల ఉద్దేశం ఏదైనా.

ఒక సూచన. పెట్టె దగ్గర ప్రార్థన రెండు నిమిషాలు, సమాధుల తోటలో వర్తమానం ఐదు నిమిషాలు చాలు. రక్షణ పిలుపు (క్రీస్తును నమ్ముకొమ్మని పిలవడం) ఆ రోజు వద్దు. తర్వాత ఆ కుటుంబాన్ని ఓదార్చడానికి జరిపే ఆదరణ కూడికలో 23వ కీర్తనతోపాటు 88వ కీర్తన కూడా చదవండి. అది చీకటిలోనే ముగుస్తుంది గనుక చాలామంది జంకుతారు. చదివాక ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉండి, ఆ తర్వాత 1 కొరింథీయులు 15 తెరవండి. మైకు చేతిలో ఉన్నవారికి ఆ నిమిషమే కష్టం.

– ఒక సండేస్కూలు ఉపాధ్యాయుడు, గుంటూరు జిల్లా