రేకు రోబోకు వయసు కట్టే ముందు

సంపాదకుల వారికి నమస్కారాలు.

జపాన్ పాత రేకు రోబోల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని ఆసాంతం చదివాను. ఇటువంటి విషయానికి మీరు నిండు పేజీ ఇచ్చినందుకు నాకెంతో సంతోషం కలిగింది. అయితే ఆ వ్యాసంలో 'లిలిపుట్' అనే రోబో 1930ల నాటిదనీ, లోకంలో మొట్టమొదటి బొమ్మ రోబో అదేననీ తేల్చి చెప్పారు. ఫోటోలోని మిగిలిన బొమ్మలన్నిటినీ ఒకే గాటన కట్టి 'అత్యంత అరుదైనవి' అన్నారు. ఈ బొమ్మల గురించి ఏళ్ళ తరబడి చదువుతూ, చేతికందినవాటిని విప్పి చూస్తూ వస్తున్నవాడిగా, ఈ రెండు మాటలనూ సవరించుకోవాలని మనవి చేస్తున్నాను.

లిలిపుట్ జానెడు కూడా లేని బొమ్మ. పసుపు రంగు డబ్బాకు చేతులూ కాళ్ళూ తగిలించినట్టు ఉంటుంది. తాళం తిప్పితే అడుగులు వేస్తుంది, ఛాతీ మీద 'ఎన్.పి. 5357' అనే అక్షరాలూ అంకెలూ కనిపిస్తాయి. దీనిని చాలాకాలం రెండో ప్రపంచ యుద్ధానికి ముందుదిగానే చెప్పుకుంటూ వచ్చారు. ఆ వాదనలో బలం లేకపోలేదు. 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ నాటకంతో 'రోబో' అన్న మాట పుట్టాక అది జపాన్‌కు చేరడానికి ఎక్కువకాలం పట్టలేదు. 1928లో మకోటో నిషిమురా తయారుచేసిన 'గకుతెన్సోకు' అనే యంత్రమానవుడిని క్యోటోలో ప్రదర్శించారు కూడా. కాబట్టి 1930లలో ఒక బొమ్మల తయారీదారుకు రోబో ఊహ వచ్చి ఉండటంలో వింతేమీ లేదు. కానీ ఊహ రావడం వేరు, దానిని రేకులో అచ్చువేసి అమ్మడం వేరు. 1938లో జపాన్ ప్రభుత్వం స్వదేశంలో అమ్మే లోహపు బొమ్మల తయారీని నిషేధించింది. రేకంతా యుద్ధ అవసరాలకు మళ్ళింది. ఎగుమతుల కోసం కొంత తయారీ సాగినప్పటికీ, ఆ గడ్డురోజుల్లో సరికొత్త బొమ్మకు అచ్చులు చేయించడానికి ఎవరైనా పూనుకుంటారా అన్న సందేహం నన్ను వదలదు. ఈ బొమ్మ యుద్ధం ముగిశాక, 1940ల చివర తయారైందనే సేకర్తలు నేడు చాలామందే ఉన్నారు. నేనూ అటే మొగ్గుతాను. తేలని విషయాన్ని తేలినట్టు అచ్చువేస్తే దానినే రేపు మరొకరు ఆధారంగా చూపిస్తారు, అదే నా బాధ.

యుద్ధానంతరం ఈ బొమ్మలు ఏ పరిస్థితుల్లో పుట్టాయో మీ వ్యాసం ఒక్క వాక్యంలో దాటేసింది. నా దృష్టిలో అసలు కథ అక్కడే ఉంది. 1945లో, లొంగుబాటు జరిగిన కొద్ది నెలలకే, మత్సుజో కొసుగె అనే ఆయన ఒత్సు పట్టణంలో అమెరికా సైనికుల జీపును చూసి, వాడి పారేసిన డబ్బాల రేకుతో అరచేతిలో పట్టే చిన్న జీపు చేశారు. ఆ డిసెంబరులో క్యోటోలోని ఒక పెద్ద దుకాణంలో దానిని 10 యెన్లకు పెడితే జనం బారులు తీరారు. ఆ తొలినాళ్ళ బొమ్మలు కొన్నిటిని విప్పితే లోపలివైపు ఆహారపు డబ్బాల మీది రంగులూ అక్షరాలూ నేటికీ కనిపిస్తాయి. తినడానికే కరువైన దేశం, తనను ఓడించిన సైన్యం పారేసిన డబ్బాలను సాగదీసి, తిరగేసి, అమెరికా పిల్లలకే బొమ్మలుగా పంపి విదేశీ మారకం సంపాదించింది. రోబోలు ఈ దారిలోనే వచ్చాయి.

అమెరికా సేనల ఆక్రమణలో ఉన్న జపాన్‌కు 1947లో ప్రైవేటు ఎగుమతులకు అనుమతి వచ్చాక సరుకు మీద 'ఆక్రమిత జపాన్‌లో తయారైనది' అనే అర్థం వచ్చే ఇంగ్లీషు ముద్ర వేయాలన్నారు. 1952 ఏప్రిల్‌లో ఆక్రమణ ముగిసింది. ఈ ముద్ర లేదు కనుక బొమ్మ యుద్ధానికి ముందుదేనని కొందరు వాదిస్తారు. అది సరికాదు. ఆక్రమణ ముగియకముందే ఆ నియమాన్ని సడలించారు, ఒట్టి 'జపాన్' అన్న ముద్రతో వెళ్ళిన సరుకూ ఉంది. ముద్ర ఉంటే కాలం తెలుస్తుంది గాని, లేనంత మాత్రాన ఏదీ రుజువు కాదు. ఇదే కాలానికి చెందిన 'అటామిక్ రోబో మ్యాన్' అనే బుల్లి రోబో పెట్టెను చూసినవారెవరూ మరచిపోలేరు. దాని మీద నగరాన్ని తొక్కుకుంటూ రోబో నడుస్తుంటే వెనక అణుమేఘం లేస్తూ ఉంటుంది. హిరోషిమా జరిగి కొన్నేళ్ళు కూడా గడవకముందు అదే దేశంలో అచ్చయిన బొమ్మ అది. దానిని చూసిన ప్రతిసారీ నాకు మనసు చివుక్కుమంటుంది.

ఇక అరుదు సంగతి. పాతదల్లా అరుదైనది కాదు. మసుదయా అనే టోక్యో సంస్థ 1950ల చివరి నుంచి దాదాపు 38 సెంటీమీటర్ల ఎత్తున్న ఐదు రోబోలను తయారుచేసింది. సేకర్తలు వాటిని కలిపి 'గ్యాంగ్ ఆఫ్ ఫైవ్' అంటారు. ఐదింటికీ ఒడ్డూ పొడుగూ ఒకటే, పాదాల బదులు కింద చక్రాలే ఉంటాయి, ఒక్కోదాని విద్య మాత్రం వేరు. 1957లో వచ్చిన రేడికాన్ రేడియో సంకేతాలతో నడుస్తుంది. నాన్‌స్టాప్ దేనికైనా తగిలితే తానే దారి మార్చుకుంటుంది. సోనిక్ అనేది రైలు కూతలాంటి చప్పుడు చేస్తుంది. టార్గెట్ రోబోను ఛాతీ మీద గురిచూసి కొడితే కేకపెట్టి వెనక్కి తిరుగుతుంది. ఐదోదైన మెషిన్ మ్యాన్ మాత్రం లోకం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కించదగినన్నే మిగిలాయి. 1990లలో న్యూయార్క్‌లోని సదబీస్ వేలంలో అలాంటిదొకటి 40 వేల డాలర్లు దాటింది. నిజంగా అరుదైనదంటే అది. మీ ఫోటోలో కుడివైపున ఉన్న, ఛాతీ తలుపులు తెరుచుకుని తుపాకులు బయటికొచ్చే రోబో హొరికావా తయారీలా కనిపిస్తోంది. ఆ సంస్థ అటువంటివాటిని ఏళ్ళ తరబడి కుప్పతెప్పలుగా చేసి పంపింది. అందమైనదే, కానీ అరుదైనది కాదు.

అలాగని బాగున్న హొరికావా దొరకడం తేలికని నేననను. నా దగ్గరున్న దానిని మొదటిసారి విప్పినప్పుడు బ్యాటరీ అరలో తెల్లని పొక్కు గట్టిగా పేరుకుని ఉంది. ఎవరో బ్యాటరీలు తీయకుండా ఏళ్ళ తరబడి వదిలేస్తే రసం కారి, రాగి పట్టీని తినేసి, రేకు చివర దాకా పాకింది. కాళ్ళ దగ్గర రెండు రేకులను కలిపే చిన్న చెవిని ఎవరో ఎప్పుడో తెరిచి మళ్ళీ మడిచారు, మడత దగ్గర రంగు రాలి వెంట్రుకవాసి గీత పడింది. ఈ చెవులు రెండోసారి తెరిస్తే నిలవడం కష్టం, మూడోసారికి విరుగుతాయి. ఆడుకోవడానికి చేసిన వస్తువు కాబట్టి ఆటలోనే అరిగిపోయింది. అట్టపెట్టెలైతే బొమ్మ బయటికి రాగానే చిత్తుకాగితాల్లోకి పోయాయి. అందుకే చాలాసార్లు బొమ్మకంటే దాని పెట్టే అరుదు. 1960లలో ప్లాస్టిక్ పెరగడం, పదునైన రేకు అంచుల మీద అమెరికాలో భద్రతా నియమాలు రావడం, 1971 తరవాత డాలరుకు 360 యెన్ల స్థిర మారకం పోవడం ఈ పరిశ్రమను మూడువైపులా నొక్కాయి. ఆ తరవాత అసలు అచ్చులను పోలిన కొత్త నకళ్ళు కూడా వచ్చాయి. వాటిని పాతవిగా నమ్మి మోసపోయేవారు ఉండనే ఉన్నారు.

కాబట్టి నా విన్నపం ఒకటే. లిలిపుట్ కాలం మీద అభిప్రాయభేదం ఉందని సవరణ ప్రచురించండి. వీలైతే మీ విలేఖరి చేత ఆ బొమ్మ యజమానిని మళ్ళీ కలిపించి, ముందువైపు కాక అడుగుభాగం, వీపు మీది తయారీదారు గుర్తు, వీలైన మేరకు రేకు లోపలివైపు ఫోటోలు తీయించి వేయండి. తయారీ సంస్థ నోమురా అయితే 'టి.ఎన్.', యోషియా అయితే 'కె.ఓ.', మసుదయా అయితే 'టి.ఎమ్.', హొరికావా అయితే 'ఎస్.హెచ్.' అన్న అక్షరాలు ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. అవి దొరికితే మిగిలిన సంగతి పాఠకులే పోల్చుకోగలరు.

భవదీయుడు,
ఒక పాఠకుడు