చిట్టితల్లికి నాన్న ఉత్తరం

విశాఖపట్నం

చిట్టితల్లీ,

ఆశీస్సులు. ఇక్కడ అంతా కులాసా. అమ్మ మోకాలి నొప్పి కొంచెం తగ్గింది. పెరట్లో చిక్కుడు పాదు విరగ్గాసింది, సత్యం మామయ్యకీ ఒక సంచి పంపాం. ఆయనే మాటల మధ్యలో అన్నాడు, నువ్వు బ్యాంకులో దాచుకున్నదంతా ఏదో పాత తోలు జాకెట్‌కి పోశావని. బుజ్జి చెప్పిందట. అది అడగడానికి రాయడం లేదులే. దీపావళి తర్వాత నీ ఫోన్లు రెండు ముక్కల్లో అయిపోతున్నాయి, అందుకని రాస్తున్నాను.

ఇంగ్లండ్‌లో, మీ నార్విచ్‌లో చలి ఎలా ఉంది? నువ్వు పంపిన థోర్ప్ అబాట్స్, అదే రెండో యుద్ధంలో అమెరికా బాంబర్లు ఎగిరిన స్థావరం, కంట్రోల్ టవర్ ఫొటో అమ్మ ఫ్రిజ్‌కి అంటించింది. 1943 అక్టోబరు 10న జర్మనీలోని మ్యూన్‌స్టర్ దాకా వెళ్ళిన అక్కడి 100వ బాంబ్ గ్రూపు బీ-17 బాంబర్లలో ఒక్కటే తిరిగొచ్చిందని నువ్వు చెప్పిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒక్కో దాంట్లో పది మంది! వాళ్ళలో ఎవరో తొడుక్కున్నదే అయితే దానికి వెల కట్టలేం, ఒప్పుకుంటాను. కానీ వాళ్ళదేనని ఎలా తెలుసు? ఆ వైమానికులు తొడుక్కున్న ఏ-2 తోలు జాకెట్లు అచ్చం అలాగే ఇప్పటికీ కుడుతున్నారు. పాత తోలు మీద కొత్తగా బొమ్మలేసి అమ్మేవాళ్ళూ ఉంటారు. వీపు మీది రంగుని లెన్సుతో చూడు. తోలు బీటలతో పాటు రంగూ బీటలు వారాలి, బీటల్లోకి రంగు దిగిందంటే తర్వాత వేసిందే. బాంబు బొమ్మలు లెక్కపెట్టు, ఒక్కో బొమ్మ ఒక్కో దాడి. 1943లో 25 దాడులకి డ్యూటీ అయిపోయేది, 1944లో 30, తర్వాత 35 చేశారు. మెడ దగ్గర లేబుల్, రొమ్ము మీద పేరు, క్రూ జాబితా, ఈ మూడూ కలవకపోతే పైసా ఇవ్వకు. ఇచ్చేశావా?

పాత యుద్ధ వస్తువుల మీద నీ ఇష్టాన్ని నేను కాదనను. అది తాతయ్య పోలిక. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బరు మీద బాంబులేసినప్పుడు ఆయనకి పన్నెండేళ్ళు. కురుపాం మార్కెట్ దగ్గర ఇల్లు. ఆ చప్పుడుకి అటక మీది ఇత్తడి గిన్నెలు దొర్లి పడ్డాయట. మా నాయనమ్మ పొయ్యి మీది పప్పు అలాగే వదిలేసి, దేవుడి పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరింది. జనమంతా మూటలతో రోడ్డెక్కారు. బండి దొరక్క అనకాపల్లి రోడ్డున సగం దూరం నడిచారట. దారంతా తాతయ్య ఒకటే ప్రశ్న, ఆ విమానం నడిపినవాడికి ఎన్నేళ్ళుంటాయని. వాడికీ ఇంట్లో అమ్మ ఉంటుంది కదా అన్నందుకు నాయనమ్మ వీపు మీద ఒక్కటి చరిచింది. చివరి రోజుల్లో కూడా అదే చెప్పేవారు. నిన్ను విశాఖ మ్యూజియంకి తీసుకెళ్ళి పేలని జపాన్ బాంబు చూపించిందీ ఆయనే.

ఆ జాకెట్ వెనకా ఒక మనిషి ఉన్నాడు. అందుకే చెబుతున్నా, దాన్నీ దానితో వచ్చిన ఫొటోలనీ విడదీసి అమ్మేయొద్దు. ఫొటో వెనక పెన్సిల్‌తోనే రాయి. జాకెట్‌కి నూనె రాయకు, ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, వెడల్పాటి హ్యాంగర్‌కి తగిలించు. ఇంటి అద్దె కట్టావా? డబ్బు చాలకపోతే మొహమాటపడకుండా అడుగు, అమ్మకి చెప్పను.

వీలైతే బ్రిటిష్ వాయుసేన 110 స్క్వాడ్రన్ ఫొటోలు వెతుకు. 1918లో దాని విమానాలకి డబ్బిచ్చింది నిజామే, అందుకే దానికి హైదరాబాద్ పేరు. రెండో యుద్ధంలో బర్మా వైపు వెంజెన్స్ బాంబర్లు నడిపారు. అలాంటి ఫొటో దొరికితే ఖర్చు నాది.

అక్కడ నాలుగు కాకుండానే చీకటి పడుతుందన్నావు. పొగమంచులో ఆ సన్న దారుల్లో కారు తీయకు. స్వెటర్ లోపల ఇంకొకటి వేసుకో.

మీ నాన్న