సెట్టింగులు తీసెయ్యడమే పరిష్కారం కాదు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో సెట్టింగులు ఎక్కువైతే జనం తికమకపడతారని, ఏది ఎలా ఉండాలో తయారుచేసేవాళ్లే తేల్చేసి, ఎవరూ ముట్టుకోని సెట్టింగులు తీసెయ్యడం మేలని మీ టెక్నాలజీ పేజీలో ఈ మధ్య ఒక వ్యాసం వచ్చింది. నేను కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. ఆ వ్యాసంలో సగమే ఒప్పుకోగలను.

ఒప్పుకునేది ముందు చెబుతాను. ప్రతి సెట్టింగుకూ ఒక ఖర్చుంది. ఆన్, ఆఫ్ అని రెండే స్థితులున్నవి పది పెడితే 1,024 కలయికలు వస్తాయి, ఇరవై పెడితే పది లక్షలు దాటతాయి. అన్నిటినీ పరీక్షించడం ఎవరి తరమూ కాదు. పైగా ఇంజినీర్లు తమలో తాము తేల్చుకోలేక 'సరే, సెట్టింగ్ పెట్టేద్దాం' అనుకుంటే, ఆ పని వచ్చి వాడేవాళ్ల నెత్తిన పడుతుంది. అలాంటివి పోతే నాకూ సంతోషమే.

కానీ ఏది ఉంచాలన్నది 'ఎంతమంది వాడుతున్నారు' అన్న లెక్కతో తేలదు. డిఫాల్ట్, అంటే మనం మార్చకపోతే మొదటి నుంచీ ఉండే అమరిక, సరిపోకపోతే నష్టపోయేది ఎవరు, ఎంత అని చూడాలి. మా ల్యాబ్‌లో ఒంటి చేత్తో టైప్ చేసే విద్యార్థి ఒకడున్నాడు. షిఫ్ట్, కంట్రోల్ మీటలను మరో మీటతో కలిపి నొక్కడం అతనికి కుదరదు. స్టికీ కీస్ అనే సెట్టింగ్ ఆన్ చేస్తే ఒకదాని తర్వాత ఒకటి నొక్కినా చాలు, పని జరిగిపోతుంది. అదే సౌకర్యం మిగతావాళ్లకు చిరాకు. షిఫ్ట్ మీట వరసగా ఐదుసార్లు నొక్కితే ప్రశ్న అడుగుతూ ఒక పెట్టె వచ్చి, చేస్తున్న పని ఆగిపోతుంది. మరి డిఫాల్ట్ ఎవరి కోసం పెట్టాలి? ఎక్కువమంది కోసమే పెట్టండి, అభ్యంతరం లేదు. ఆ కుర్రాడి స్విచ్ మాత్రం తీసెయ్యకండి. వాడేవాళ్లు తక్కువని అది పోతే, అతనికి ఆ కంప్యూటర్ ఉన్నా లేనట్టే.

అలవాట్ల విషయంలోనూ ఇంతే. 2011లో యాపిల్ మ్యాక్ ఓఎస్ లయన్‌లో స్క్రోలింగ్ దిశను తిరగేసింది, కానీ పాత పద్ధతే కావాలనుకునేవాళ్ల కోసం సెట్టింగుల్లో ఒక టిక్ బాక్స్ ఉంచింది. మరుసటి ఏడాది విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ స్టార్ట్ బటన్ తీసేసింది, తిరిగి తెచ్చుకునే సెట్టింగ్ ఇవ్వలేదు. జనం బయటి ప్రోగ్రాములు వేసుకుని పాత మెనూ తెచ్చుకున్నారు. చివరికి 2013లో 8.1 వెర్షన్‌తో ఆ బటన్‌ను వెనక్కి తేవాల్సి వచ్చింది.

అయితే సెట్టింగ్ ఒకటి ఎక్కడో ఉందంటే బాధ్యత తీరిపోయినట్టు కాదు. ఫైల్ పేరు చివర ఉండి, అది ఏ రకం ఫైలో చెప్పే ఎక్స్‌టెన్షన్‌ను విండోస్ ఏళ్ల తరబడి డిఫాల్ట్‌గా దాచిపెడుతూ వచ్చింది. 2000 మేలో 'ఐ లవ్ యూ' వైరస్ ఆ చాటునే వ్యాపించింది. తెరిస్తే నడిచే ప్రోగ్రామ్ అని చెప్పే వీబీఎస్ అన్న అసలు చివర కనపడక, అది మామూలు టెక్స్ట్ ఫైలేనని నమ్మి చాలామంది తెరిచారు. ఎక్స్‌టెన్షన్ చూపించే సెట్టింగ్ అప్పుడూ ఉంది. ఎంతమందికి తెలుసు? భద్రత దగ్గర డిఫాల్టే గట్టిగా ఉండాలి. దాన్ని సడలించాలంటే హెచ్చరిక చూపించండి, పాస్‌వర్డ్ అడగండి, ఇంకో రెండు మెట్లు ఎక్కించండి. తెలిసి చేసేవాళ్లకు దారి మాత్రం పూర్తిగా మూసెయ్యొద్దు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించే సంగతి. పెద్ద అప్‌డేట్ వచ్చిన మర్నాడు ల్యాబ్ తెరిస్తే, కష్టపడి మార్చిపెట్టిన సెట్టింగులు కొన్ని మళ్లీ మొదటికి వచ్చి ఉంటాయి. డిఫాల్ట్ బ్రౌజర్ మారిపోయి ఉంటుంది, ఆపేసిన ప్రకటనలు మళ్లీ మొదలవుతాయి. నన్నెవరూ అడగలేదు, చెప్పనూ లేదు. ఇలా జరిగే చోట 'మార్చుకునే వీలుంది' అన్న మాటకు విలువేముంది?

అప్‌డేట్ ముగియగానే ఏయే సెట్టింగులు మారాయో ఒక జాబితా చూపించాలి, పాతవాటికి వెళ్లే బటన్ ఆ పక్కనే ఉండాలి. మీ పేజీలో కొత్త వెర్షన్ల సమీక్ష రాసేటప్పుడు కొత్తగా ఏం చేర్చారన్నదే కాక, ఏయే సెట్టింగులు తీసేశారో కూడా రాయమని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ ల్యాబ్ ఉద్యోగి